ఎంతో తేలింది, ఎలాగో తేలలేదు: 1939 రక్షణ ఖర్చుల ఒప్పందంపై కేస్ స్టడీ

ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకునే దానికి ఖర్చు ఎవరెంత మోయాలో లెక్క తేల్చి కాగితం మీద పెట్టించడం నా పని. కాస్ట్ అకౌంటెంట్‌ని. కామన్ గోడౌన్ల అద్దె, హెడ్డాఫీసు ఖర్చుల పంపకం, ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో కాపలా బిల్లు... పాతికేళ్లుగా ఇవే తగాదాలు. కొత్తవాళ్లకు క్లాసు చెప్పమంటే మాత్రం నేను పట్టుకెళ్లే కేసు ఏ కంపెనీదీ కాదు. 1939 నవంబర్‌లో లండన్‌కీ ఢిల్లీకీ మధ్య కుదిరిన రక్షణ ఖర్చుల ఒప్పందం.

దాని సారమంతా నాలుగు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఆ నాలుగు ముక్కల ఆధారంగా ఆరేళ్లలో వేల కోట్ల రూపాయల పద్దులు రాశారు. బ్రిటన్ ప్రధాని స్వయంగా దాన్ని తిరగరాయించాలని చూసినా కుదరలేదు. అంత గట్టిగా రాశారు. అయినా ఇండియాకు రావలసింది సమయానికి చేతికి రాలేదు. గట్టి ఒప్పందం ఉండి కూడా ఎందుకు రాలేదన్నదే ఈ కేసు.

పాత బకాయిల చిట్టా

ఈ తగాదా 1939లో పుట్టింది కాదు. బ్రిటిష్ ఇండియా సైన్యం రెండు పనులు చేసేది. దేశం లోపల, సరిహద్దుల్లో కాపలా ఒకటి. సామ్రాజ్యానికి అవసరమైనప్పుడు ఓడెక్కి అబిసీనియాకో (ఇప్పటి ఇథియోపియా) ఈజిప్టుకో పోవడం రెండోది. కాపలావాడు ఒక్కడే, యజమానులు ఇద్దరు. జీతం మాత్రం ఎక్కువగా ఒకరి ఖజానా నుంచే.

1858 చట్టంలోనే దీనికో కట్టడి పెట్టారు. దండయాత్రను తిప్పికొట్టడానికో, మరేదైనా అత్యవసరానికో తప్ప, సరిహద్దులు దాటి చేసే యుద్ధాల ఖర్చును పార్లమెంటు ఉభయసభల అనుమతి లేకుండా ఇండియా ఆదాయం మీద వేయకూడదని. వినడానికి బాగుంది. ఆచరణలో అనుమతి అడిగేవాళ్లూ ఇచ్చేవాళ్లూ ఒకే ఊళ్లో ఉన్నారు. 1867-68 అబిసీనియా దండయాత్రలో అదనపు ఖర్చును బ్రిటన్ పెట్టుకుంది, సిపాయిల మామూలు జీతాలు మాత్రం ఇండియావే. ‘ఎలాగూ ఇక్కడున్నా ఇవ్వాల్సినవే కదా’ అన్నది వాదన. ఈ వాదనను మా వృత్తిలో ఇప్పటికీ వారానికోసారి వింటాను. రెండో అఫ్ఘాన్ యుద్ధానికి బ్రిటన్ 50 లక్షల పౌన్లు ఇచ్చింది, మిగతా పెద్ద భాగం ఇండియా మీద పడింది.

మరో పద్దు తలసరి ఖర్చు. ఇండియాలో పనిచేసే బ్రిటిష్ సైనికుణ్ణి ఇంగ్లండ్‌లో చేర్చుకుని, శిక్షణ ఇచ్చి పంపినందుకు వార్ ఆఫీసుకు, అంటే బ్రిటన్ యుద్ధశాఖకు, తలకింత చొప్పున ఇండియా కట్టాలి. 1890 నుంచి తలకు ఏడున్నర పౌన్లు. 1908లో అది 11 పౌన్ల 8 షిల్లింగులైంది. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత ఇంకా పెరిగింది. ఇండియా ఖర్చులను పరిశీలించడానికి బ్రిటన్ వేసిన, దాదాభాయి నౌరోజీ సభ్యుడిగా ఉన్న వెల్బీ కమిషన్ ముందు 1897లో గోఖలే, వాచా, సురేంద్రనాథ్ బెనర్జీ, మద్రాసు నుంచి జి. సుబ్రహ్మణ్య అయ్యర్ వెళ్లి ఇలాంటి పద్దులన్నిటి మీదా సాక్ష్యం చెప్పారు. ఉపశమనం కొద్దిగానే దక్కింది.

నా దృష్టిలో అసలు మలుపు 1933. తలసరి ఖర్చు మీద వేసిన ట్రిబ్యునల్‌కు అధ్యక్షుడు ఆస్ట్రేలియాకు చెందిన సర్ రాబర్ట్ గారన్. ఇద్దరు బ్రిటిష్ న్యాయమూర్తులు, ఇండియా నుంచి షాదీలాల్, షా ముహమ్మద్ సులేమాన్ సభ్యులు. ఆ నివేదిక తర్వాత బ్రిటన్ ఏడాదికి 15 లక్షల పౌన్లు ఇండియా రక్షణకు తన వాటాగా ఇవ్వడానికి ఒప్పుకుంది. మొత్తం పెద్దదేమీ కాదు. కానీ ఇండియాలోని సైన్యం ఇండియా కోసమే కాదు, బ్రిటన్‌కూ పనికొస్తోంది అని మొదటిసారి డబ్బు రూపంలో ఒప్పుకున్నారు. ఖర్చుల పంపకంలో మొదటి రూపాయే కష్టం. ఒక్క రూపాయి ఇచ్చారంటే ‘మాకు సంబంధం లేదు’ అనే మాట పోయినట్టే. ఆ తర్వాత మిగిలేది ఎంత అన్న బేరమే.

బల్లకు అటూ ఇటూ

1938-39లో లండన్ వేసిన చాట్‌ఫీల్డ్ కమిటీ ఇండియా సైన్యం పరిస్థితి చూసి, ఆయుధాలు పాతబడ్డాయని, ఆధునికం చేయకపోతే పెద్ద యుద్ధానికి పనికిరాదని తేల్చింది. అందుకు సుమారు 3 కోట్ల 40 లక్షల పౌన్లు కావాలి. అప్పటి మారకంలో, అంటే రూపాయికి ఒక షిల్లింగు ఆరు పెన్నీల చొప్పున, 45 కోట్ల రూపాయలు. అందులో ముప్పాతిక భాగం ఉచితంగా, పావు భాగం అప్పుగా ఇస్తామని బ్రిటన్ అంది. బ్రిటన్ వార్షిక వాటా కూడా అప్పటికి 20 లక్షల పౌన్లకు చేరింది. దానికి బదులుగా కొంత సైన్యాన్ని బయటి అవసరాలకు సిద్ధంగా ఉంచాలి.

అంతలో 1939 సెప్టెంబర్ 3 వచ్చింది. వైస్రాయ్ లిన్లిత్‌గో ఎవరినీ అడక్కుండా ఇండియాను యుద్ధంలో దించాడు. మూడు నెలలు తిరక్కుండా మద్రాసులో రాజాజీ మంత్రివర్గంతో సహా కాంగ్రెస్ మంత్రివర్గాలన్నీ రాజీనామా చేశాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఖర్చు ఎవరిదన్న బేరం నడిచింది.

బేరమాడింది ఎవరు? ఢిల్లీ వైపు వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆర్థిక సభ్యుడు సర్ జెరెమీ రైజ్‌మన్. లండన్ వైపు ట్రెజరీ (బ్రిటన్ ఆర్థికశాఖ), వార్ ఆఫీసు. మధ్యలో ఇండియా ఆఫీసు, అంటే లండన్‌లోనే ఇండియా వ్యవహారాలు చూసే శాఖ. రెండు వైపులా బ్రిటిష్‌వాళ్లే. రైజ్‌మన్‌కు ముందు ఆ కుర్చీలో కూర్చున్న సర్ జేమ్స్ గ్రిగ్ 1939లోనే లండన్ వెళ్లి వార్ ఆఫీసులో అత్యున్నత అధికారి అయ్యాడు, 1942లో యుద్ధమంత్రే అయ్యాడు. నిన్నటిదాకా మన తరఫున బిల్లులు తగ్గించమన్నవాడు ఇవాళ బిల్లు పంపేవైపు కూర్చున్నాడు. రక్షణ ఖర్చు మీద కేంద్ర శాసనసభకు ఓటు హక్కు కూడా లేదు. చర్చించొచ్చు, కోయలేరు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్వాలేదంటారు. ఇక్కడ వంటవాళ్లూ, వడ్డించేవాళ్లూ వాళ్లే.

మరి ఢిల్లీకి బేరం చేసే బలం ఎక్కడిది? క్లాసులో ఈ ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. బలం భయంలో ఉంది. 1917లో ఇండియా తరఫున 10 కోట్ల పౌన్లు యుద్ధానికి ‘కానుక’గా ఇచ్చారు. ఆ కానుకకు వడ్డీ కట్టడానికి పన్నులు పెంచారు. ఆ చేదు ఇంకా జనం నోట్లో ఉంది. మళ్లీ అలాంటి భారం వేస్తే దేశం అట్టుడుకుతుందని, అప్పుడు సిపాయిలూ దొరకరు, సరుకులూ దొరకవని ఢిల్లీ అధికారులకు తెలుసు. లండన్‌కు అప్పుడు కావలసింది మనుషులు, సరుకులు. తగాదా కాదు. ఇండియా బీదది, ఇంతకు మించి మోయలేదు అని రైజ్‌మన్ పక్షం గట్టిగా నిలబడింది. వాదించేది అవతలివాడైనా మనకు ఉపయోగపడితే ఆ వాదన మనదే.

నాలుగు ముక్కలు

1940 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో రైజ్‌మన్ ఒప్పందాన్ని బయటపెట్టాడు. ఇండియా భరించేవి ఇవి. ఒకటి, శాంతికాలపు మామూలు సైనిక ఖర్చు, ఏడాదికి 36.77 కోట్ల రూపాయలు. రెండు, ధరలు పెరిగితే దానికి తగ్గ అదనం. మూడు, ఇండియా సొంత ప్రయోజనం కోసం చేపట్టినవి కాబట్టి పూర్తిగా ఇండియావే అనదగ్గ యుద్ధ చర్యల ఖర్చు. నాలుగు, బయటి రక్షణకు కేటాయించిన దళాల అదనపు ఖర్చు కింద ఒకేసారి ఒక కోటి. పెన్షన్ల వంటివి వేరుగా, 8.41 కోట్లు. ఇవి పోను పైన ఎంతైనా బ్రిటన్‌దే.

ఈ కూర్పులో మెచ్చుకోవలసింది శాతాలు లేకపోవడం. అనుభవం లేనివాళ్లు ముందు పట్టుకునేది శాతాన్నే: సగం సగం, అరవై నలభై. మొత్తం ఎంతవుతుందో తెలియని ఖర్చులో శాతం ఒప్పుకోవడమంటే ఖాళీ చెక్కు ఇవ్వడమే. అవతలివాడు ఎంత ఖర్చు పెట్టాలనుకుంటే మన భాగం అంత పెరుగుతుంది. రైజ్‌మన్ పక్షం పేదవాడి వైపు గీత గీసింది: ‘మాది ఇంత, పైదంతా మీది’. ఖర్చు పెరిగే ప్రమాదమంతా అవతలికి నెట్టేసింది. ఇంతటి వాక్యం నా సర్వీసులో రెండుసార్లే రాయించగలిగాను.

బలహీనత మూడో ముక్కలో ఉంది. ‘పూర్తిగా ఇండియావే’ అని ఎవరు నిర్ణయించాలి? యుద్ధం లిబియాలో, ఇరాక్‌లో ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. సిపాయి ఓడెక్కాడు, బిల్లు లండన్‌కు వెళ్లింది. కానీ యుద్ధమే ఇంటి గుమ్మంలోకి వస్తే?

విశాఖ మీద బాంబులు పడ్డాక

1942 మార్చి 8న రంగూన్ పడిపోయింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం ఊళ్లు ఖాళీ చేసి పల్లెలకు పోయారు. మద్రాసులోనూ అదే గగ్గోలు. బర్మాలో కూలికి వెళ్లిన మన తెలుగువాళ్లు కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చారు. ఎంతమంది దారిలో రాలిపోయారో లెక్కలేదు.

ఖర్చుల బల్ల దగ్గర దీని అర్థం ఒక్కటే. మూడో ముక్క ఒక్కసారిగా ఉబ్బింది. విశాఖ తీరంలో పెట్టిన ఫిరంగి ఇండియా రక్షణకా, సామ్రాజ్య రక్షణకా? అస్సాంలో వేసిన విమానాశ్రయం? ఇక్కడ పెంచిన సైన్యం? యుద్ధం ముగిసేసరికి రెండు లక్షల సైన్యం పాతిక లక్షలైంది.

లండన్‌లో చర్చిల్‌కు కోపం వచ్చింది. ఇండియాను మేం కాపాడుతుంటే, కాపాడినందుకు మేమే ఇండియాకు కోట్లు బాకీ పడటమేమిటని. ట్రెజరీ వాళ్లకూ అదే గుబులు. ఒప్పందాన్ని తిరగరాయాలని, కనీసం యుద్ధం తర్వాత ఎదురు దావా వేసే హక్కును అట్టిపెట్టుకోవాలని చూశారు. 1942లో ఇది యుద్ధ క్యాబినెట్ దాకా వెళ్లింది. ఇండియా వ్యవహారాల మంత్రి ఆమెరీ, వైస్రాయ్ లిన్లిత్‌గో ఎదురు తిరిగారు. అప్పటికి చర్చిల్‌కు చెప్పిన మాటను ఆమెరీ డైరీలో రాసుకున్నాడు, నా మాటల్లో: ప్రాణం మీదికొచ్చి రైలు అందుకోవడానికి టాక్సీలో పోతూ, నీకు డబ్బులిస్తానో లేదో అనుమానమే అని దారిలో డ్రైవర్‌తో అంటామా?

చివరికి ఒప్పందాన్ని ముట్టుకోలేదు. కానీ సర్దుబాటు జరిగింది. ఇండియాలో చేర్చుకున్న భూసేనకు శిక్షణ, సామగ్రి, పోషణ అది దేశంలో ఉన్నంతకాలం ఇండియా ఖర్చే. ఓడెక్కిన తర్వాతది బ్రిటన్‌ది. సారాంశంలో ఎవరి ప్రయోజనం అన్న తెగని ప్రశ్న తీసేసి, ఎక్కడ ఉంది అన్న తెగే ప్రశ్న పెట్టారు. ఆడిటర్‌కు ప్రయోజనం కనబడదు, చోటు కనబడుతుంది. ఇది చిన్న విషయం కాదు, నేను చాలా ఒప్పందాల్లో ఈ కిటుకు వాడాను. అయితే అందుకు ధర ఉంది. ఇండియా సొంత రక్షణ ఖర్చు 1944-45కు ఏడాదికి దాదాపు 400 కోట్లయింది. 36.77 దగ్గర గీసిన గీత అలాగే ఉంది, గీత కింది గుంట మాత్రం లోతైంది. యుద్ధం మొత్తం మీద చూస్తే రక్షణ ఖర్చులో ఇంచుమించు సగం ఇండియాది, సగం బ్రిటన్ బాకీ.

సగం బాకీ పుట్టించడం ఒక వలస ప్రభుత్వానికి గొప్ప విజయమే. ఇక్కడితో ఆపేస్తే కేసు సుఖాంతం.

డబ్బు ఎక్కడ పడింది

ఆపకూడదు, ఎందుకంటే బాకీ తీర్చిన తీరు వేరే కథ.

బ్రిటన్ కోసం ఇండియాలో కొన్న గోధుమ, జనపనార, గుడ్డ, ఇనుము, సిపాయి జీతం అన్నిటికీ ఇక్కడ రూపాయలు కావాలి. ఆ రూపాయలు ముందు ఇండియా ప్రభుత్వం ఇస్తుంది. లండన్ ఆ మేరకు స్టెర్లింగును, అంటే బ్రిటిష్ పౌన్లను, లండన్‌లోనే రిజర్వ్ బ్యాంక్ ఖాతాలో వేస్తుంది. 1934 రిజర్వ్ బ్యాంక్ చట్టం ప్రకారం స్టెర్లింగు వస్తే దానికి సరిపడా రూపాయలు ఇవ్వాల్సిందే, స్టెర్లింగు పత్రాలను నోట్లకు పూచీగా చూపొచ్చు కూడా. అంటే అక్కడ ఖాతాలో ఒక అంకె పెరిగితే, ఇక్కడ నోట్లు అచ్చవుతాయి. యుద్ధానికి ముందు 180 కోట్లకు అటూఇటూగా ఉన్న నోట్ల చలామణి యుద్ధం ముగిసేసరికి ఆరు రెట్లు దాటింది. సరుకు ఓడలెక్కి పోయింది, నోట్లు బజారులో మిగిలాయి. ధరలు రెట్టింపు దాటాయి. 1943లో బెంగాల్లో లక్షల మంది ఆకలితో చచ్చారు. కరువుకు కారణాలు చాలా ఉన్నాయి, బర్మా బియ్యం ఆగిపోవడం, పడవల స్వాధీనం, అధికారుల చేతకానితనం; నోట్ల వరద అందులో ఒకటి.

కాబట్టి నిజానికి ఖర్చు ఎవరు మోశారు? పద్దు పుస్తకంలో బ్రిటన్. బజారులో, బియ్యం కొనలేని మనిషి. ఒప్పందం ‘ఎవరి ఖాతాలో’ అన్నది రాసింది. ఆ పూట ఎవరి కంచంలోంచి అన్నది రాయలేదు.

ఆ డబ్బును వెంటనే సరుకులుగా మార్చుకోవడానికి వీల్లేదు. బ్రిటన్ ఫ్యాక్టరీలు యుద్ధసామగ్రి చేస్తున్నాయి, డాలర్లుగా మార్చుకోవడానికి ఆంక్షలు. ఉపయోగపడింది ఒక్క చోట. లండన్‌లో ఇండియా ప్రభుత్వానికి ఉన్న పాత అప్పులను చాలావరకు దీనితో తీర్చేశారు. అది గట్టి లాభం, ఒప్పుకోవాలి. మిగతాది ఒక శాతం దరిదాపు వడ్డీతో లండన్‌లో పడుంది, స్టెర్లింగు నిల్వలు అన్నది వీటినే. 1943 నుంచి బ్రిటన్, అమెరికా ఇక్కడ బంగారం అమ్మాయి. బాకీ కింద అధికారిక ధరకు ఇవ్వడం కాదు, బజారు ధరకు అమ్మి వచ్చిన రూపాయలతో యుద్ధఖర్చు పెట్టుకున్నాయి.

ఇక్కడ నా సొంత గాయం ఒకటి చెప్పాలి. ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక పెద్ద ఫ్యాక్టరీ, చుట్టూ చిన్న యూనిట్లు. కాపలా, ఫైర్ సర్వీస్ ఉమ్మడి. చిన్న యూనిట్ల తరఫున నేను మాట్లాడి, సరిగ్గా ఇలాంటి గీతే గీయించాను: మీరింత, పైది పెద్దవాళ్లది. ముందు మావాళ్లు ఖర్చు పెట్టాలి, వాళ్లు తర్వాత తిరిగి ఇవ్వాలి. మూడేళ్లు గడిచాక తిరిగి వచ్చినవి క్రెడిట్ నోట్లు. వాళ్ల దగ్గర సరుకు కొంటే అందులో సర్దుతారట. వాళ్ల సరుకు మావాళ్లలో ఎవరికీ అక్కర్లేదు. అందరూ నా వైపు చూశారు. ఒప్పందం తీసి చూపించాను, రూపాయి తప్పు లేదు. తిరిగి ఇవ్వడం ‘నగదుగా, ఇన్ని రోజుల్లో’ అన్న మాట కూడా లేదు. ఆ రాత్రి నాకు స్టెర్లింగు నిల్వలు అర్థమైనట్టు ఏ పుస్తకం చదివినా అర్థం కాలేదు.

పద్దు తీరిన తీరు

1946కు నిల్వలు 1,700 కోట్ల రూపాయలు దాటాయి, అంటే 130 కోట్ల పౌన్లు. బాకీదారు పెద్దవాడు, అప్పిచ్చినవాడు బీదవాడు. అదే వింత. యుద్ధం తర్వాతి ప్రపంచ ద్రవ్య ఏర్పాట్ల కోసం 1944లో జరిగిన బ్రెట్టన్ వుడ్స్ సమావేశంలో రైజ్‌మన్, రిజర్వ్ బ్యాంక్ గవర్నర్ చింతామణ్ దేశ్‌ముఖ్, షణ్ముఖం చెట్టి, ఎ.డి. ష్రాఫ్ ఈ నిల్వల మాట తెచ్చారు. కొత్తగా పుట్టబోయే అంతర్జాతీయ ద్రవ్యనిధి ద్వారా కొంతైనా డాలర్లుగా మార్చుకోనివ్వాలని. ఒప్పుకోలేదు. బ్రిటన్ తరఫున ఆర్థికవేత్త కీన్స్, ఈ బాకీ గౌరవంగా తీరుస్తామన్న హామీ మాత్రం ఇచ్చాడు. (ఈ దేశ్‌ముఖే తర్వాత మన దుర్గాబాయిని పెళ్లి చేసుకున్నది.) 1945 డిసెంబర్‌లో బ్రిటన్ అమెరికా దగ్గర అప్పు తెచ్చుకున్నప్పుడు, ఇలాంటి నిల్వల్లో కొంత తగ్గించాలన్న మాట ఆ పత్రంలోకే ఎక్కింది. గోడకు కొట్టిన సున్నమవుతుందేమోనని ఢిల్లీకి నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

అసలు కోత పడలేదు. 1947 ఆగస్టు 14న, జెండా మారడానికి ఒక్కరోజు ముందు, కుదిరిన తాత్కాలిక ఒప్పందంలో నిల్వ 116 కోట్ల పౌన్లు. అందులో ఏడాది చివరిదాకా వాడుకోవడానికి వదిలింది మూడున్నర కోట్లు, చేతినిల్వగా మరో మూడు కోట్లు. 1948 జూలైలో అప్పటి మన ఆర్థికమంత్రి షణ్ముఖం చెట్టి లండన్‌లో చేసుకున్న ఒప్పందంలో, బ్రిటన్ ఇక్కడ వదిలిన యుద్ధసామగ్రి, కట్టడాలకు 10 కోట్ల పౌన్లు ఈ నిల్వల్లోంచే కట్టాం. బ్రిటిష్ అధికారుల పెన్షన్లు ముందుముందు ఇవ్వాల్సినవాటికి 16 కోట్ల 80 లక్షలు ఒకేసారి కట్టాం. మిగిలినది ఏడాదికింత అని వదులుతూ వచ్చారు. 1949 సెప్టెంబర్‌లో పౌను విలువ 4.03 డాలర్ల నుంచి 2.80కి పడింది. లండన్‌లో మన ఖాతాలో పౌను అంకె మారలేదు, డాలర్లలో మూడో వంతు దాకా ఆవిరైంది.

క్లాసు చివర్లో బోర్డు మీద ఆ నాలుగు ముక్కలు రాసి, ఐదోది మీరు రాయండి అంటాను. పిల్లలు బాగానే రాస్తారు. ప్రతి మూడు నెలలకు పావు భాగం బంగారంగా. పౌను విలువ పడితే తేడా కట్టాలి. బాకీ ఫలానా మొత్తం దాటితే సరుకు ఆగుతుంది. ఈ మూడోదాని దగ్గర కిందటేడాది ఒకమ్మాయి చెయ్యెత్తింది.

‘‘సార్, ఆ ఐదో ముక్క అడగాల్సింది రైజ్‌మన్ కదా. ఆయనకు జీతం ఎవరిచ్చేవారు?’’

‘‘మన ఖజానా నుంచే.’’

‘‘కుర్చీలో కూర్చోబెట్టింది?’’

‘‘లండన్.’’

ఆమె తన కాగితం మీద రాసుకున్న మూడో షరతు కొట్టేసింది. మిగతా రెండూ అలాగే ఉంచింది. ఆ రెంటికి ఒప్పుకునేవాడేమో, ఆ కాలానికి అంతే దొరికేది అంది. నేనైతే మొదటిది కూడా అనుమానమే అన్నాను. గంట కొట్టేదాకా అక్కడే వాదించుకున్నాం.